నాబోతు ఊరి పెద్దలు మన పల్లెకి వద్దు



మన మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో మన చేతుల్తో మనం కట్టుకున్నది చర్చి ఒక్కటే. ఊళ్ళో గుడి మనది కాదు. చెరువు మనది కాదు. పంచాయతీ ఆఫీసులో రిజర్వేషన్ వచ్చినప్పుడు కుర్చీ మనది, సంతకం వేరేవాళ్ళది. చర్చి మాత్రం మన అమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి, మన నాయనలు కూలి డబ్బుల్లో పదో పరకో తీసి, ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్నది. అట్టాంటి చర్చిలో ఇవాళ పెత్తనం ఎవరిది? లెక్క ఎవరి పెట్టెలో ఉంది? గంట కొట్టమనేది ఎవరు, కొట్టొద్దనేది ఎవరు?

అగ్రవర్ణ దొర గురించి మనం మైకు పట్టుకుని మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. కానీ మన నడుమనే, తెల్ల చొక్కా తొడుక్కుని, చంకలో బైబిలు పెట్టుకుని తయారవుతున్న చిన్న దొర గురించి నోరు మెదపం. "మనోడే కదా" అంటాం. మనోడే కాబట్టే అడగాలి. సంఘ పెద్ద ఎవరికి పెద్ద? పల్లెకి పెద్దా, పల్లె మీద పెద్దా? ఇదీ నా ప్రశ్న.

ఈ పెద్దరికం ఎక్కణ్ణుంచి వచ్చింది?

క్రైస్తవం రాకముందే మన వాడల్లో పెద్దలున్నారు. పెద్ద మాల అనీ, పెద్ద మాదిగ అనీ పిలిచేవాళ్ళు. వాడలో తగువు తీర్చేది ఆయనే. దొర కబురు పెడితే వెట్టికి మనుషుల్ని తోలేదీ ఆయనే. ఒక కాలు వాడలో, ఒక కాలు దొర వాకిట్లో. అదీ ఆనాటి పెద్దరికం.

తర్వాత ఒక మార్పు వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో తోళ్ళ పని చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక ఊరూరా మాదిగ పెద్దలు కదిలారు. 1876-78 కరువు ముగిసే వేళకి, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్ళలో దిగారు. బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర వాళ్ళకి పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. ఇవి వినటానికి భక్తి మాటల్లాగే ఉంటాయి. కానీ ఊరి కరణానికీ మునసబుకీ వీటి అసలు అర్థం వెంటనే బోధపడింది. ఆదివారం రామంటే వెట్టి ఆగినట్టే. జాతరలో డప్పు కొట్టమంటే ఊరి కట్టుబాటు తెగినట్టే. అందుకే వాళ్ళు మనోళ్ళ మీద విరుచుకుపడ్డారు. కొట్టారు, పనుల్లోంచి తీసేశారు.

ఆ రోజు ఆ దెబ్బలకి ముందు నిలబడ్డవాడు పెద్ద. దొర వాకిట్లో ఉన్న కాలు తీసి వాడలో పెట్టినవాడు పెద్ద. అట్టాంటి పెద్దలకి ఈ పంతులు చెప్పులు విప్పి దణ్ణం పెడతాడు. మిషనరీలు సామాను సర్దుకుని పోయాక, చదువురాని పల్లెల్లో ఆదివారం ఆరాధన ఆగకుండా చూసింది, జీతం భత్యం లేకుండా రాత్రిబడి నడిపింది కూడా అట్టాంటి పెద్దలే. వాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ళ పేరు చెప్పుకుని ఇవాళ బతికేవాళ్ళ మీదే నా ఫిర్యాదు.

ఇప్పుడు పెద్ద ఎట్టా అవుతున్నాడు? తాత పెద్ద, తండ్రి పెద్ద, కాబట్టి కొడుకు పెద్ద. ఊళ్ళో వంశపారంపర్య కరణీకం, మునసబీ 1984లో రద్దయ్యాయి. నలభై ఏళ్ళు దాటింది. మన చర్చిలో మాత్రం కరణీకం ఇంకా పోలేదు!

బైబిల్లోనూ రెండు రకాల పెద్దలున్నారు

మన పెద్దలకి బైబిలంటే ప్రాణం కదా, అందుకని బైబిల్లోంచే అడుగుదాం. మొదటి రాజులు 21వ అధ్యాయం తియ్యండి. యెజ్రెయేలులో నాబోతు అనే రైతుకి ఒక ద్రాక్షతోట ఉంది. రాజైన అహాబుకి అది కావాలి. తాతముత్తాతల భూమి ఇవ్వనని నాబోతు చెప్పాడు. అప్పుడు రాణి యెజెబెలు ఏం చేసింది? సైన్యాన్ని పంపలేదు. ఆ ఊరి పెద్దలకి ఉత్తరం రాసింది. అంతే! పెద్దలు ఉపవాసం చాటించారు. ఇద్దరు దొంగ సాక్షుల్ని కూర్చోబెట్టారు. నాబోతు దేవుణ్ణీ రాజునీ దూషించాడని నేరం మోపి, ఊరి బయటికి తీసుకుపోయి రాళ్ళతో కొట్టి చంపారు. పని అయిందని రాణికి కబురు పంపారు.

చూడండి, భూమి కాజేసింది రాజు. ఉత్తరం రాసింది రాణి. కానీ రాయి వెయ్యించింది సొంత ఊరి పెద్దలు, అదీ ఉపవాస ప్రార్థన పేరు పెట్టి. పెద్దలు మా వల్ల కాదని ఉంటే నాబోతు బతికేవాడు. మన పల్లెల్లో భూమి కేసుల్లో, మానభంగం కేసుల్లో, కొట్లాట కేసుల్లో ఇదే కథ నడవటం లేదా?

రెండో రకం చూద్దాం. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేము సంఘంలో మొదటి గొడవ దేని మీద వచ్చింది? సిద్ధాంతం మీద కాదు, కూడు మీద. రోజూ పంచే భోజనంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి అన్యాయం జరుగుతుందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు "నోరు ముయ్యండి, దేవుడి పని" అనలేదు. సంఘం మొత్తాన్ని పిలిచి, మీరే ఏడుగురిని ఎంచుకోండి అన్నారు. సంఘం ఎంచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే అన్యాయం జరిగిందని అరిచిన పక్షం చేతికే గరిటె ఇచ్చారు. పెద్దరికం ఎట్టా పంచాలో ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు?

పేతురు తన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పెద్దలకి చెప్పింది కూడా ఇదే. మంద మీద పెత్తనం చెయ్యకండి, డబ్బు కోసం చెయ్యకండి, మాదిరిగా ఉండండి. మన పెద్దలు ఈ అధ్యాయం చదివి ఎన్నాళ్ళయింది?

ఇప్పుడు మన నేరారోపణ

మొదటిది, లెక్క. పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు, కోతకాలపు పండగనాడు కానుకల వేలంలో వచ్చిన డబ్బు, క్రిస్మస్ చందా, పెళ్ళికింత, బాప్తిస్మానికింత. ఇదంతా ఎవరి చేతిలో పడుతుంది, ఎట్టా ఖర్చవుతుంది? అడిగితే "దేవుడి లెక్క దేవుడికి తెలుసు" అంటారు. దేవుడికి తెలుసు సరే, బియ్యం తీసిన ఆడమనిషికి తెలియొద్దా? యెరూషలేము పేదల కోసం చందా వసూలు చేసినప్పుడు పౌలు ఆ డబ్బు ఒక్కడే మొయ్యలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంటబెట్టుకున్నాడు. కొరింథీయులకి రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఉంది, చూసుకోండి. పౌలుకి అవసరమైన సాక్షి మన పెద్దకి అవసరం లేదా?

మా పల్లెలో ఒక ముసలామె చనిపోతే, మూడేళ్ళ చందా బాకీ కట్టేదాకా గంట కొట్టనివ్వలేదు. శవాన్ని వాకిట్లో పెట్టుకుని ఆమె కొడుకు ఊళ్ళోకి ఉరికాడు, రైతు దగ్గర అప్పుకి. ఆ అప్పు కింద తర్వాత సంవత్సరం పొడుగునా పనికి పోయాడు. వెట్టి మానటానికి క్రైస్తవులమయ్యాం. క్రైస్తవుడిగా పూడ్చబడటానికి మళ్ళీ వెట్టికి పోయాం. ఇదెక్కడి న్యాయం?

రెండోది, రాజీ. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం ఊరికే రాలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు నరికివేతకు గురయ్యారు. చట్టం వచ్చాక కూడా 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చనిపోయినవాళ్ళ పేర్లు చదవండి. కారంచేడులో మోషే. చుండూరులో ఇస్సాకు, ఇమ్మానుయేలు, సంసోను. వీళ్ళు ఎవరి బిడ్డలు? మన ఆదివారం బడి బిడ్డలు కారా? చుండూరు జనం శవాల్ని ఊరి నడుమ పూడ్చి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేయించారు. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. అయినా వాళ్ళు ఇరవై మూడేళ్ళు సాక్ష్యం మీద నిలబడ్డారు. అదీ విశ్వాసమంటే!

మరి మన సంఘ పెద్ద ఏం చేస్తున్నాడు? కేసు పెట్టిన వారం తిరక్కముందే రైతు ఇంటి నుంచి ఆయనకి కబురొస్తుంది. సాయంత్రం బాధితుడి ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "డెబ్బై ఏడుల మారులు క్షమించమన్నాడు ప్రభువు, కేసు తీసుకో" అంటాడు. అయ్యా పెద్దా, మీరు చెప్పే మాట మత్తయి 18లో ఉంది. అదే అధ్యాయంలో, దానికి కొంచెం పైన, తప్పు చేసినవాణ్ణి ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురు సాక్షులతో, అప్పటికీ వినకపోతే సంఘం ముందు నిలదియ్యమని ఉంది. అది ఎందుకు చదవరు? జక్కయ్య పశ్చాత్తాపపడ్డప్పుడు ఊరికే ఏడవలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. రైతు నాలుగింతలు ఇచ్చి, పల్లె ముందు తప్పు ఒప్పుకున్నాక క్షమాపణ మాట మాట్లాడదాం. కొట్టినవాడు అడగని క్షమాపణ, దెబ్బ తిన్నవాడి చేత ఇప్పించే హక్కు మీకెవరిచ్చారు? చట్టం ఇవ్వలేదు. బైబిలూ ఇవ్వలేదు.

మూడోది, బాప్తిస్మం రిజిస్టరు. ఇది చిన్న విషయం అనుకోబాకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైన మాలమాదిగని మాత్రం బయటే ఉంచారు. మన రాష్ట్రాల్లో బి.సి. 'సి' గ్రూపులో 1 శాతం చేతిలో పెట్టారు. ఊళ్ళో మాత్రం ఆ గ్లాసూ అదే, ఆ మాటా అదే. బాప్తిస్మం నీళ్ళకి అంటరానితనం కడిగే శక్తి ఉందని ఢిల్లీ వాళ్ళు నమ్ముతున్నారేమో గానీ మన ఊరి టీ కొట్టువాడు నమ్మటం లేదు. 2022లో కేంద్రం ఈ సంగతి మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకామె కేసులో, చిన్నప్పటి బాప్తిస్మం రికార్డుని కూడా లెక్కలోకి తీసుకుని ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదంది.

ఈ ఉరి తాడు పేనింది ఢిల్లీ. దాని మీద మన పోరాటం వేరే ఉంది, ఆగదు. కానీ ఆ తాడు కొస మన పల్లెలో ఎవరి చేతిలో ఉంది? రిజిస్టరు ఇంట్లో పెట్టెలో పెట్టుకున్న సంఘ పెద్ద చేతిలో. లెక్క అడిగిన కుర్రాడికి ఏం జవాబొస్తుంది? "నీ పేరు నా పుస్తకంలో ఉంది రా. ఎమ్మార్వోకి ఒక్క కాయితం రాస్తే నీ సర్టిఫికెట్టు, నీ చెల్లెలి హాస్టలు సీటు, నీ కేసు మూడూ పోతాయి." ఈ మాట నేను చెవులారా విన్నాను. సొంత జనాన్ని అహాబుకి పట్టిచ్చే ఉత్తరం ఇంకెట్టా ఉంటుంది?

నాలుగోది, ఆడవాళ్ళు. చర్చి ఊడ్చేది ఆడవాళ్ళు. బియ్యం తీసేది, ఉపవాసం ఉండేది, జబ్బు మనిషి మంచం పక్కన రాత్రంతా కూర్చునేది ఆడవాళ్ళు. పెద్దల బల్ల దగ్గర మాత్రం మీసాలే. అడిగితే ఆడది సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు మాట చూపిస్తారు. బియ్యం కుండ దగ్గర మౌనం అక్కర్లేదు, లెక్కల పుస్తకం దగ్గర మాత్రం మౌనం కావాలా? సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్ళు అయిదుగురు మోషే ముందు, ప్రధానుల ముందు, సర్వసమాజం ముందు నిలబడి మా నాయన భూమిలో వాటా ఏదని అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమని దేవుడే తీర్పు చెప్పాడు. దక్షిణ ఇండియా సంఘంలో 1976 నుంచి ఆడవాళ్ళు గురువులుగా అభిషేకం పొందుతున్నారు. 2013లో మన నంద్యాల డయోసిస్‌కి పుష్పలలిత బిషప్పయ్యారు. బిషప్పు కాగలిగిన ఆడది పల్లె చర్చిలో పెద్ద కాకూడదా?

అయిదోది, మాలా మాదిగా. ఒకే ఊళ్ళో మాలలకి ఒక చర్చి, మాదిగలకి ఒక చర్చి. ఒకే చర్చి ఉన్నచోట బల్ల దగ్గర ఎవరు ముందు అనే పంచాయితీ. ఈ గోడని మనువు కట్టాడు, నిజమే. దానికి ఏటా సున్నం కొట్టేది మాత్రం మన పెద్దలే. ఎందుకంటే గోడ కూలితే రెండు పెద్దరికాల్లో ఒకటి పోతుంది. ఎన్నికలప్పుడు గోడకి అటొక కవరు, ఇటొక కవరు రావు.

వాళ్ళు చెప్పే జవాబులు

"అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అంటారు. కీర్తన 105 తీసి చదవండి. అక్కడ అభిషిక్తులు ఎవరు? సొంత భూమి లేక దేశం నుంచి దేశానికి తిరిగిన గుప్పెడు మంది. వాళ్ళని ముట్టొద్దని దేవుడు ఎవర్ని గద్దించాడు? రాజుల్ని! ఆ లెక్కన మన పల్లెలో అభిషిక్తులు భూమిలేని కూలీలు. ముట్టకూడదని హెచ్చరిక పెత్తనం చేసేవాళ్ళకి.

"ఇంటి గుట్టు బయటపెడితే మతోన్మాదులకి అలుసైపోతాం" అంటారు. మన మీద దాడులు చేసేవాళ్ళున్నారు, నేను కాదనను. వాళ్ళతో కొట్లాడటానికే ఇల్లు గట్టిగా ఉండాలి. చెదపురుగు గురించి చెబితే ఇంటి పరువు పోతుందని ఊరుకుంటే చివరికి దూలమే పోతుంది. తప్పు చేసిన పెద్దని అందరి ముందూ గద్దించమని తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పౌలే రాశాడు. అదే చోట, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నింద ఒప్పుకోవద్దని కూడా రాశాడు. రెండూ పాటిద్దాం. ఆధారం లేకుండా అనొద్దు, ఆధారం ఉంటే దాచొద్దు.

"చర్చిలో ఎన్నికలేంది, రాజకీయమా?" అంటారు. బాప్తిస్టు పద్ధతి అంటేనే సంఘస్తులందరూ కూడి నిర్ణయించుకునే పద్ధతి. దక్షిణ ఇండియా సంఘం నియమావళిలోనే పాస్టరేట్ కమిటీకి ఎన్నికలున్నాయి. కాయితం మీద ఉన్నదాన్ని అమలు చెయ్యమనటం రాజకీయమా? 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఏం గుర్తు చేశారు? బౌద్ధ భిక్షు సంఘాల్లో తీర్మానాలు, కోరం, ఓటింగు అన్నీ ఉండేవని. అదే ప్రసంగంలో, మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చేమో గానీ రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి అని హెచ్చరించారు. పల్లె డబ్బు, పల్లె భూమి, పల్లె కేసులు చూసే పెత్తనం రాజకీయమే. దాని మీద భక్తి పనికిరాదు. లెక్క కావాలి.

మనం చెయ్యాల్సింది

అలిగి చర్చి వదిలి పోవద్దు. వదిలిపోతే వాళ్ళకే సుఖం. వేరే పాక వేసుకుని ఇంకో పెద్దని తయారు చేసుకోవద్దు. లోపలే నిలబడి, పది ఇళ్ళు కలిసి ఇవి అడగండి:

1. పెద్దరికం మూడేళ్ళకే. చీటీలు వేసి ఎన్నిక. తండ్రి తర్వాత కొడుకు అనే పద్ధతి రద్దు.

2. పెద్దల్లో సగం మంది ఆడవాళ్ళు. మాల, మాదిగ ఉన్న సంఘంలో ఇద్దరికీ చోటు.

3. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక జమాఖర్చు గట్టిగా చదవాలి. గోడ మీద బోర్డులో రాయాలి. డబ్బు బ్యాంకులో, ముగ్గురి సంతకంతో.

4. చందా బాకీ పేరుతో పెళ్ళి, బాప్తిస్మం, సమాధి ఆపకూడదు. చావు గంటకి బాకీ లేదు.

5. అత్యాచారాల చట్టం కేసుల్లో, ఆడపిల్లల కేసుల్లో సంఘ పెద్దలు రాజీ పంచాయితీ చెయ్యకూడదు. చెయ్యాల్సింది బాధితుల వెంట పోలీస్ స్టేషన్‌కి, కోర్టుకి పోవటం.

6. రిజిస్టరు సంఘం ఆస్తి. సంఘం ఎంచుకున్న ముగ్గురి పూచీ మీద, తాళంలో ఉండాలి. దాన్ని చూపించి బెదిరించినవాడు ఆ రోజే పెద్దరికం దిగాలి.

7. చర్చి స్థలం, శ్మశానం కాయితాల నకళ్ళు అందరి దగ్గరా ఉండాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి. అమ్ముడుపోయిందో తాకట్టులో ఉందో అప్పుడే తెలుస్తుంది. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే, 2001 సొసైటీల చట్టం కింద సర్వసభ్య సమావేశం, లెక్కలు తప్పనిసరి. అడగటం మీ హక్కు.

ఇవి అడిగితే మొదటి వారం తిడతారు. రెండో వారం ప్రార్థనలో మీ పేరు పెట్టి శపిస్తారు. మూడో వారం రైతు ఇంటికి పోతారు. పోనివ్వండి. అప్పుడు పల్లె మొత్తానికీ తెలుస్తుంది ఆ కాలు ఎవరి వాకిట్లో ఉందో. చదువుకున్న పిల్లలు ముందు నిలబడాలి. పంతుళ్ళు, నర్సులు, అంగన్‌వాడీ అక్కలు లెక్క రాయటానికి ముందుకు రావాలి. మాట మాత్రం బియ్యం తీసిన అమ్మలదే కావాలి.

పెద్దరికం పోవాలని నేను అనటం లేదు. పల్లెకి పెద్ద కావాలి. దెబ్బ పడేచోట ముందు నిలబడే పెద్ద, లెక్క చదివి వినిపించే పెద్ద, యెజెబెలు ఉత్తరం వస్తే చింపి పారేసే పెద్ద కావాలి. అట్టాంటి మనిషి మీ పల్లెలో ఉంటే, మగైనా ఆడైనా, మాలైనా మాదిగైనా, ఈ ఆదివారమే ఎన్నుకోండి.

జై భీమ్!

— ఒక బడిపంతులు